ఉదాన్ ఆసిహ్ కొడుకు

కొడుకు చనిపోయిన వానాకాలం నుంచి తుమీరా పాడలేదు. పాడమని ఎవరూ అడగనూ లేదు. జావాలోని బంతుల్ చుట్టుపక్కల పెళ్ళిళ్ళకూ తోలుబొమ్మలాటలకూ కొత్త గొంతులు వచ్చేశాయి. తుమీరా పొద్దున్నే సోయా గింజల టెంపే ముక్కలు వేయించి బజారుకు పంపేది. మధ్యాహ్నం కోళ్ళకు నూకలు చల్లేది. సాయంత్రం అరుగు మీద కూర్చుని, ఎదురుగా కప్పు కూలి ఖాళీగా ఉన్న మండపం వంక చూస్తూ ఉండిపోయేది.

ఒకప్పుడు ఆ మండపంలో క్యాయి ఉదాన్ ఆసిహ్ ఉండేది. ఆ ఊరి గమెలాన్‌కు, అంటే కంచు వాద్యాల మేళానికి, పెద్దలు పెట్టిన పేరది. క్యాయి అంటే పెద్దవారికి ఇచ్చే గౌరవం, ఉదాన్ ఆసిహ్ అంటే దయగా కురిసే వాన. పెట్టెల మీద పరిచిన కంచు పలకలు, బోర్లించిన కంచు కుండలు, చివర వేలాడే పెద్ద జేగంట, అన్నీ ఒకే పోతలో పుట్టి ఒకే గొంతుతో పలికేవి. ఒక ఊరి గమెలాన్ శ్రుతి ఇంకో ఊరి గమెలాన్‌కు ఉండదు. ఈ పెట్టెలోని పలక తీసి ఆ పెట్టెలో పెడితే, పెళ్ళి పందిట్లోకి దారి తప్పి వచ్చినవాడిలా బిక్కమొహం వేస్తుంది. తుమీరా పదిహేనేళ్ళ పిల్లగా ఉదాన్ ఆసిహ్ ముందు కూర్చుని పాట మొదలుపెట్టింది. ఆమె గొంతు ఆ కంచు పక్కనే పెరిగింది. వేరే ఊళ్ళో పాడవలసి వస్తే మొదటి పాట అంతా అత్తారింట్లో మొదటి రోజులా గడిచేది.

ఆమె భర్త కసిరిన్ శ్రుతి చేసేవాడు. తండ్రి నుంచి వచ్చిన పని. పలక అడుగున చివర్లు ఆకురాయితో రాస్తే స్వరం పైకి లేస్తుంది, నడుమ రాస్తే కిందికి దిగుతుంది. చెప్పుకోవడానికి అంతే. రాసిన కంచు మళ్ళీ అతకదు కనుక, ఆ అంతే నేర్చుకోవడానికి అతనికి సగం జీవితం పట్టింది. పెళ్ళిచూపులప్పుడు పిల్ల ఎలా ఉందిరా అని తల్లి అడిగితే, "పాటలో మూడో పలక దగ్గర కొంచెం తొందరపడుతుంది, మిగతా అంతా బాగానే ఉంది" అన్నాడట. ఆ మాట పట్టుకుని తుమీరా ముప్పై ఏళ్ళు అతన్ని ఏడిపించింది.

వాళ్ళకు ఒక్కడే కొడుకు, జత్మికో. పుట్టినప్పటి నుంచి పొడుగూ సన్నమూ. పదహారేళ్ళు వచ్చేసరికి ఆ సన్నటి ఒంట్లోంచి ఎక్కడిదో తెలియని బరువైన గొంతు బయలుదేరింది. "వెదురు బొంగులోంచి జేగంట మాట్లాడుతోందిరోయ్" అని వీధి పిల్లలు వెంటపడేవారు. అంత గొంతు ఉండీ వాడు పాడలేదు, వాయించలేదు. ఆఫీసుల వాళ్ళు పారేసిన ముసలి కంప్యూటర్లను సైకిలు వెనక కట్టుకుని తెచ్చేవాడు. వాటిలో ఏదో తేలికపాటి లైనక్స్ ఎక్కించేవాడు. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చట, విప్పి చూసుకోవచ్చట, మార్చుకుని ఇంకొకరికి ఇవ్వచ్చట. అలా లేచి కూర్చున్న కంప్యూటర్లను బడులకు ఇచ్చేసేవాడు.

"ఊళ్ళో కుంటి మేకలన్నీ నీ దగ్గరికే వస్తాయేంరా?" అనేది తుమీరా.

"మేక కుంటిది కాదు బూ, దాని మీద వేసిన మూట బరువు. మూట తేలిక చేస్తే అదే నడుస్తుంది" అనేవాడు. అమ్మను బూ అనీ, నాన్నను పాక్ అనీ పిలిచేవాడు.

ఒక వేసవిలో వాడికి ఇంకో ఆలోచన వచ్చింది. తండ్రిని కూర్చోబెట్టి ఉదాన్ ఆసిహ్‌లోని ప్రతి పలకనూ కొట్టించాడు. ప్రతి స్వరాన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. తానే ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. మీట నొక్కితే పలక మోగుతుంది. కొట్టే ముందు ఏ పలకో వాడే పేరు చెప్పేవాడు: "సారోన్, లు." "సారోన్, నెమ్." సారోన్ అంటే పలకల పెట్టె, లు అంటే మూడు, నెమ్ అంటే ఆరు. సరిగ్గా రాకపోతే "ఇంకోసారి పాక్" అనేవాడు. తుమీరా టీ గ్లాసులు పట్టుకుని మండపం గుమ్మంలో నిలబడి అదంతా చూసింది.

మరుసటి ఏడు మే నెలలో తెల్లవారుతూ భూమి కదిలింది. టేకు దూలాలతో సహా మండపం కప్పు ఉదాన్ ఆసిహ్ మీద పడింది. మనుషుల్ని పూడ్చుకోవడం, ఇళ్ళు నిలబెట్టుకోవడం అయ్యాక చూస్తే పలకలు చీలిపోయి ఉన్నాయి, జేగంట నలిగిపోయి ఉంది. పగిలిన కంచు పలకదు. దాన్ని తిరిగి కొలిమికే పంపేశారు. బండి వెళ్ళిపోతుంటే కసిరిన్ ఇంట్లోంచి బయటికి రాలేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు జత్మికో జ్వరంతో పడుకున్నాడు. బడి కంప్యూటర్ల పనిలో నిద్ర చాలలేదు, పడుకుంటే అదే పోతుంది అన్నాడు. అందరూ అదే అనుకున్నారు. దోమల జ్వరమని తెలిసి ఆసుపత్రికి తీసుకుపోయేసరికి ఆలస్యమైంది.

అక్కడ మొగుడూ పెళ్ళాలు పేర్లు పెట్టి పిలుచుకోరు. పిల్లవాడు పుట్టాక ఆమె అతన్ని పక్నే అంది, అతను ఆమెను బూనే అన్నాడు. పిల్లాడి నాన్న, పిల్లాడి అమ్మ. జత్మికో పోయాక తుమీరా ఆ పిలుపు మానలేదు. కసిరిన్ మానేశాడు. "ఇదుగో" అనేవాడు, "విన్నావా" అనేవాడు, లేకపోతే ఊరికే దగ్గేవాడు.

వాడి కంప్యూటర్ కూడా ఎక్కువ కాలం నిలవలేదు. పెంకుల్లోంచి కారిన నీళ్ళకు తుప్పు పట్టింది. వాడి స్నేహితురాలు వెనింగ్ వచ్చి లోపలి డిస్కు విప్పి తుమీరా చేతిలో పెట్టింది. తుమీరా దాన్ని వాడి పాత చొక్కాలో చుట్టి బిస్కెట్ల డబ్బాలో పెట్టి బీరువాలో దాచింది. అందులో ఉన్నది ఉదాన్ ఆసిహ్ గొంతు అని కసిరిన్‌కు తెలుసు. వాడి గొంతు కూడా ఉందని తుమీరాకు తెలుసు. ఇద్దరూ ఆ సంగతి ఎత్తుకోలేదు.

కానీ కొన్నాళ్ళుగా తుమీరాను ఒక భయం పట్టుకుంది. వాడి మొహం గుర్తుంది, నడక గుర్తుంది, అన్నం కలుపుకునే తీరు గుర్తుంది. గొంతు మాత్రం జారిపోతోంది. వాడన్న మాటలు మనసులో అనుకుంటే తన గొంతులోనే వినబడుతున్నాయి. బియ్యం కడుగుతూ "ఇంకోసారి పాక్" అని పైకి అని చూసుకునేది. వాడిది రాలేదు.

అలా ఉండగా ఊరి పెద్ద సుగిమన్ ఒక సాయంత్రం సంచిలో గెప్లాక్ మిఠాయి పట్టుకుని వచ్చాడు. మండపం మళ్ళీ కట్టారు, కొత్త గమెలాన్ కొలిమి నుంచి దిగింది. పలకలు ఇంకా మొరటుగా ఉన్నాయి, శ్రుతి చెయ్యాలి.

"జోగ్జా పట్నం నుంచి ఒకాయన్ని తెద్దామన్నారు కుర్రాళ్ళు. చేతిలో ఏదో మీటరు ఉంటుందట. మన పెదనాన్న కసిరిన్ పక్దె బతికుండగా మీటరెందుకురా అన్నాను. అన్నట్టు, మీ చెవులు పనిచేస్తున్నాయా?"

"నీ మాటలు వినబడుతున్నాయి కదా. అక్కర్లేనివి కూడా వినబడుతున్నాయంటే పనిచేస్తున్నట్టే" అన్నాడు కసిరిన్.

సుగిమన్ నవ్వి అసలు మాట చెప్పాడు. ఊరివాళ్ళకు ఏదో ఒక శ్రుతి వద్దు. కొత్తది ఉదాన్ ఆసిహ్‌కు బిడ్డ కావాలి. పాత గమెలాన్ గొంతును కొత్తదానికి ఇవ్వడాన్ని అక్కడ ముత్రాని అంటారు. కొడుకును కనడం అన్నమాట. కసిరిన్ తండ్రి రెండు ఊళ్ళలో ఆ పని చేశాడు. కొడుకును తండ్రిగా పొరబడకుండా ఒక్క పలకను మాత్రం కావాలని కొంచెం ఎడంగా వదిలేయడం వాళ్ళింటి పద్ధతి.

కసిరిన్ మిఠాయి సంచి పక్కకు జరిపాడు. "తండ్రి ఎక్కడున్నాడు కొడుకును కనడానికి? కరిగిపోయాడు కదా. నా బుర్రలో ఉన్నది నమ్మి ఆకురాయి పట్టలేను" అన్నాడు.

తుమీరా లేచి లోపలికి వెళ్ళింది. డబ్బా తెచ్చి అతని ముందు పెట్టింది.

"నేను వెనింగ్ దగ్గరికి వెళ్ళొస్తాను పక్నే" అంది. అతను దగ్గాడు.

బజారు వెనక సందులో వెనింగ్ దుకాణం. ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ బాగుచేస్తుంది. పనంతా జత్మికో దగ్గరే నేర్చుకుంది. తుమీరాను బూదె అంటుంది, పెద్దమ్మ అని. వాళ్ళిద్దరి మధ్య ఇంకేమైనా ఉండేదేమో తుమీరా ఎప్పుడూ అడగలేదు. అడగవలసిన రోజుల్లో తొందరేముంది అనుకుంది. వెనింగ్‌కు ఇంకా పెళ్ళి కాలేదు.

చొక్కా విప్పి డిస్కు చూసి వెనింగ్ దాన్ని బల్ల మీద ఉంచింది. చొక్కాను మడతపెట్టి పక్కన పెట్టింది. తర్వాత డిస్కును ఏదో తీగకు తగిలించి చెవి దగ్గర పెట్టుకుంది.

"ఆయాసపడుతోంది బూదె. ఎక్కువసేపు నడవదు. ఉన్నదంతా ముందు నా దాంట్లోకి తోడేస్తాను."

తోడింది. జత్మికో దాచుకున్నవన్నీ వచ్చాయి, ప్రోగ్రాం కూడా వచ్చింది. తెరవబోతే తెరుచుకోలేదు. కొత్త కంప్యూటర్‌కు ఆ పాత రాత అర్థం కాదట. స్వరాలన్నీ ఆ ప్రోగ్రాం కడుపులోనే మూటకట్టి ఉన్నాయి, విడిగా తీసే దారి లేదు.

"మరెలా తల్లీ?"

"వాడి కంప్యూటర్ లాంటిదాన్నే ఒకటి పుట్టిద్దాం. ఈ ల్యాప్‌టాప్ లోపల. ఉత్తుత్తి కంప్యూటర్. వర్చువల్ మెషీన్ అంటారు."

"లోపలా? చోటెక్కడుంది?"

"మీరు గౌరమ్మనో సీతమ్మనో అనుకుని తోలుబొమ్మలో ప్రాణం చూడరూ? అలాగే. ఉందని అందరం ఒప్పుకుంటే ఉన్నట్టే. లోపలున్న సిస్టం కూడా తను నిజం కంప్యూటర్‌లోనే ఉన్నాననుకుంటుంది."

"మా తోలుబొమ్మల్లో నాకు సుభద్ర తెలుసు, శ్రీకాండి తెలుసు. గౌరమ్మ ఎవరే?" అంది తుమీరా.

"మా కొట్టు ఎదుట చీరలమ్మే తెలుగామె కొలిచే దేవత. పొద్దస్తమానం ఆవిడ మాటలే నా నోట్లోకి వస్తాయి" అని నవ్వింది వెనింగ్. చాలాకాలం తర్వాత ఆ పిల్ల నవ్వడం తుమీరా చూసింది.

ల్యాప్‌టాప్ తెర మీద ఒక కిటికీ తెరుచుకుంది. ఈ ఉత్తుత్తి కంప్యూటర్‌కు జ్ఞాపకశక్తి ఎంత ఇవ్వాలి, డిస్కు ఎంత ఇవ్వాలి అని అడిగింది. వెనింగ్ చాలా తక్కువ ఇచ్చింది.

"ఎక్కువే ఇవ్వరాదూ? పిసినారితనం దేనికి?"

"వాడి దానికి ఇంతే ఉండేది బూదె. ఇంతలోనే ఆనందంగా తిరిగేది."

సొరుగు అడుగునుంచి ఒక సీడీ తీసింది. నల్లటి ఇంకుతో దాని మీద రాసింది జత్మికో చేతిరాత. "ముసలివాళ్ళ కోసం" అని ఉంది. ఆ తేలికపాటి లైనక్స్ అదే. సీడీ తిరుగుతూ గరగరలాడింది. నల్లటి కిటికీలో తెల్లటి వరసలు వానలా కిందికి జారడం మొదలుపెట్టాయి. వెనింగ్ అల్లం టీ తెచ్చింది. ఇద్దరూ తాగుతూ చూశారు. మధ్యలో అది ఆగి పేరు అడిగింది. ఎవరిదీ కంప్యూటర్, ఎవరు వాడతారు? ప్రోగ్రాం తన యజమాని పేరు కోసం వెతుకుతుంది, అదే పేరు పెట్టాలి అని వెనింగ్ అంది. ఒక్కో అక్షరం నెమ్మదిగా కొట్టింది. తుమీరా గ్లాసు కింద పెట్టేసింది. పుట్టినప్పుడు ఆ పేరు మామగారు వాడి చెవిలో చెబితే పక్కనుండి విన్నది ఆమే.

చివరికి లేత నీలం తెర వచ్చింది. మూలన చిన్న గడియారం, కింద నాలుగు బొమ్మలు, అంతే. జత్మికో గదిలో ఏళ్ళ తరబడి వెలిగిన తెర అదే. గదిలోకి వెళ్ళి, అన్నానికి రమ్మని భుజం తట్టాలనిపించింది తుమీరాకు.

ప్రోగ్రాం తెరిస్తే మొదట శబ్దం రాలేదు. వెనింగ్ ఆ ఉత్తుత్తి కంప్యూటర్‌ను ఆపి, అందులో ఉన్న సౌండ్ కార్డును మార్చి ఇంకో రకం పెట్టింది. మళ్ళీ మీట నొక్కింది.

"సారోన్, లు" అని ఒక గొంతు పలికింది. వెంటనే కంచు మోగింది.

వెనింగ్ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. తుమీరా మాత్రం కదలలేదు. ఇన్నాళ్ళూ ఎదురుచూసిన ఇంటికి వచ్చి తలుపు తడితే, ఎవరో పరాయివాడు తీసినట్టయింది.

"ఇంకోసారి నొక్కు."

"సారోన్, లు."

"వీడెవడు?" అంది తుమీరా.

"బూదె, వాడే కదా."

"మా వాడి గొంతు ఇంత సన్నగా ఉండేదా?"

వెనింగ్ కళ్ళు తుడుచుకుని మళ్ళీ విని, తలూపబోయి ఆగిపోయింది. "తెలియదు బూదె. చాలాకాలమైంది. నిజంగా నాకు తెలియడం లేదు" అంది.

మర్నాడు వెనింగ్ ల్యాప్‌టాప్ తీసుకుని మండపానికే వచ్చింది. కసిరిన్ చాప మీద కొత్త పలకలు పరుచుకుని, ఆకురాళ్ళు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. వెనింగ్ మీట నొక్కింది. కొడుకు గొంతు వినబడగానే కసిరిన్ చేతులు ఒళ్ళో పడిపోయాయి. తల వంచుకున్నాడు. "పలక ఒక్కటే మోగించు. పేరు వద్దు" అన్నాడు.

విన్నాడు, కొత్త పలకను కొట్టి చూశాడు. కొత్తది కిందుగా ఉంది. తిరగేసి చివర్లు రాయడం మొదలుపెట్టాడు. కంచు పొడి అతని లుంగీ మీద రాలింది.

తుమీరా దూరంగా స్తంభానికి ఆనుకుని కూర్చుంది. మొదటి పలక అయింది, రెండోది అయింది. మూడోది సగంలో ఉండగా ఆమె లోలోపల ఆ స్వరాన్ని గొంతుతో అందుకోబోయింది. అందలేదు. గొంతు అలవాటైన మెట్టు మీద కాలు పెట్టింది, మెట్టు అక్కడ లేదు.

"పక్నే, ఇది పైకి పోతోంది. ఇది మన ఉదాన్ ఆసిహ్ కాదు."

"ఇన్నేళ్ళు పాడకుండా కూర్చున్నావు. గొంతు దిగి ఉంటుంది."

"గొంతు దిగితే దిగింది. వాడి గొంతు? అది కూడా వాడిది కాదు."

కసిరిన్ ఆకురాయి ఆపలేదు. "ఒకదానితో ఒకటి పలకల పొత్తు సరిగ్గా ఉంది. అచ్చం అదే. నేను వినడం లేదూ? అది కంప్యూటర్. విన్నది విన్నట్టు దాచుకుంటుంది. మరిచిపోయేది మనుషులు."

"నేను మరిచిపోయానా?"

అతను పలక మీది పొడి ఊదేశాడు. వెనింగ్ తల దించుకుని తీగలు సర్దుతున్నట్టు నటించింది.

తుమీరా ఇంటికి వచ్చేసింది. పొయ్యి వెలిగించి నూనె పెట్టి, టెంపే వెయ్యడం మరిచిపోయి అలాగే నిలబడింది. పలకల పొత్తు సరిగ్గా ఉందన్న మాట ఆమె చెవుల్లోనూ నిజమే. శ్రుతి చేసేవాడు వినేది అదే. అయితే తప్పు తనదే అయి ఉండాలి. ఇన్నాళ్ళూ బరువైన గొంతని తను అనుకున్నది వీధి పిల్లల వేళాకోళమేనేమో. వాడు సన్నగానే మాట్లాడాడేమో, తనే మనసులో పెంచి పెద్దచేసుకుందేమో. తొమ్మిది నెలలు మోసి, ఇరవై ఆరేళ్ళు విని, చివరికి పోల్చుకోలేకపోయింది. కొడుకు ఒకసారి పోయాడు. ఇప్పుడు తన చేతుల్లోంచే మళ్ళీ పోతున్నాడు. నూనె పొగలు కక్కింది. దించి పక్కన పెట్టింది.

ఆ తర్వాత రెండు రోజులు ఆమె మండపం గుమ్మం ఎక్కలేదు. మూడో నాటి మధ్యాహ్నం కసిరిన్‌కు టీ ఇవ్వడానికి వెళ్ళక తప్పింది కాదు. సారోన్ పలకల్లో సగం పూర్తయ్యాయి. వెనింగ్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. సుగిమన్ కూడా చేరి, స్తంభానికి జారగిలబడి ఉచిత సలహాలు ఇస్తున్నాడు.

"పక్దె, కొత్తవాడికి పేరేం పెడదాం? జత్మికో పేరే పెడితే?"

"మనిషి పేరు కంచుకు పెట్టరు. నోరు మూసుకుని టీ తాగు" అన్నాడు కసిరిన్.

తర్వాతి పలక కోసం వెనింగ్ మీట నొక్కింది. కంచు మోగింది. అది పూర్తిగా ఆరకముందే దాని వెనక నుంచి ఎవరో ఆడమనిషి గొంతు వినబడింది.

"ఒరే, టీ చల్లారిపోతోంది. మీ నాన్నను కూడా లెమ్మను."

చిన్నపిల్ల గొంతులా ఉంది అది. ల్యాప్‌టాప్‌లోంచి చిలక పలికినట్టుంది. సుగిమన్ పకపకా నవ్వాడు.

"ఎవరీ పడుచుపిల్ల? పక్దె, మాకు తెలియకుండా ఎవర్ని తెచ్చి టీ పెట్టించారు?"

గ్లాసు పట్టుకున్న తుమీరా గుమ్మంలోనే నిలిచిపోయింది. ఆ మాటలు తనవి. ఆ రోజు ఇదే గుమ్మంలో, ఇలాగే గ్లాసులు పట్టుకుని తను అన్నవి.

కసిరిన్ చేతిలో ఆకురాయి ఆగిపోయింది. "మళ్ళీ" అన్నాడు. వెనింగ్ మళ్ళీ నొక్కింది. అతను కళ్ళు మూసుకుని విన్నాడు. మూడోసారి నొక్కమన్నాడు. ముప్పై ఏళ్ళు ఆ గొంతు పక్కన కూర్చుని వాయించినవాడు. చీకట్లో, వానలో, తోలుబొమ్మలాట తెల్లవారి ముగిసే వేళ నిద్రమత్తులో కూడా ఆ గొంతు ఎక్కడ మెట్టు దిగుతుందో తెలిసినవాడు.

ఆకురాయి చాప మీద పెట్టేశాడు.

"బూనే" అన్నాడు. "ఇది నీ గొంతు కాదు."

తుమీరా గ్లాసును గుమ్మం మీద పెట్టేసింది. ఆ పిలుపు విని ఎన్నేళ్ళయిందో.

"నేను చెబుతూనే ఉన్నాను పక్నే" అంది.

"చెప్పావు. నాకు వినబడలేదు." ల్యాప్‌టాప్ వంక చూస్తూ, "వాడి గొంతు వినాలంటే నాకు భయమేసింది. పేరు వద్దన్నాను కదా. పలక ఒక్కటే విన్నాను" అన్నాడు.

వెనింగ్ మొహం తెల్లబోయింది. ఉత్తుత్తి కంప్యూటర్‌ను ఆపి ఏవో పేజీలు తెరిచి చూసింది. కాసేపటికి తలపట్టుకుంది.

"నాదే తప్పు పక్దె. ఆ రోజు శబ్దం రాలేదని సౌండ్ కార్డు మార్చాను. జత్మికో రికార్డు చేసిన వేగం ఒకటి, ఇది మోగించే వేగం ఇంకొకటి. అన్నిటినీ సమానంగా పైకి లాగేసింది, అందుకే పొత్తు చెడలేదు."

"టేపు తొందరగా తిరిగినట్టు" అంది తుమీరా.

"అవును బూదె. అచ్చం అదే."

కార్డు మళ్ళీ మార్చింది, ఏదో వరస రాసింది, లేత నీలం తెర మళ్ళీ వెలిగింది. మీట మీద వేలు పెట్టి ఆగి, తుమీరా వంక చూసింది. తుమీరా వచ్చి చాప అంచున కూర్చుంది. కసిరిన్ పక్కకు జరిగి చోటిచ్చాడు.

"సారోన్, లు."

వెదురు బొంగులోంచి జేగంట. సుగిమన్ తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇంకోసారి పాక్" అన్నాడు జత్మికో ల్యాప్‌టాప్‌లోంచి.

కసిరిన్ లేచి మండపం వెనక్కు వెళ్ళిపోయాడు. అటునుంచి ఎంతోసేపు దగ్గు వినబడింది. అది దగ్గు కాదని అందరికీ తెలుసు. తుమీరా ఏడవలేదు. వింటూ ఉంది. తను మరిచిపోలేదు. ఆ ఒక్క మాటే లోపల తిరుగుతోంది. మరిచిపోలేదు కనుకే వాడు ఇక లేడన్నది ఇప్పుడు ఇంత గట్టిగా తెలుస్తోంది. ఇన్నాళ్ళూ గుర్తు రాకపోవడం చాటున ఏదో ఒక మూల దాక్కోగలిగింది. ఇక ఆ మూల కూడా లేదు.

పొద్దు వాలాక వెనింగ్ అడిగింది. "ఆపేయనా బూదె?"

"ఆపేస్తే?"

"ఆపనక్కర్లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు నిద్రపుచ్చొచ్చు. మళ్ళీ లేపితే ఇక్కడి నుంచే మొదలవుతుంది."

"నిద్రపుచ్చు" అంది తుమీరా. "మనుషులకు లేదు కదే ఆ సదుపాయం" అంది. వెనింగ్ ఆమె భుజం మీద తల ఆనించింది.

మర్నాటి నుంచి కసిరిన్ రాసిన పలకల్ని దించుకుంటూ వచ్చాడు. ఈసారి కొడుకు పలక పేరు చెప్పేదాకా ఆగి, విని, అప్పుడే ఆకురాయి తీసేవాడు. చివర్లు రాసిన పలకల్ని తిరగేసి నడుమ రాశాడు. ఒక్కొక్కటే తలవంచి తన మెట్టు మీదికి దిగింది. సారోన్ మూడో పలక మాత్రం దిగలేదు. మొదట్లోనే అన్నిటికంటే ఎక్కువ రాసిన పలక అది. నడుమ ఇంకొంచెం తీస్తే కంచు పలచబడి, రేకు డబ్బాలా మోగుతుంది. అతను దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని వెలుతురుకు పెట్టి చూశాడు, గోటితో మీటి చూశాడు.

"కొత్తది పోత పోయించమందామా?" అంది తుమీరా.

"మా నాన్న ప్రతిసారీ ఒక పలకను ఎంచుకుని ఎడంగా వదిలేవాడు. ఏది వదలాలా అని రోజులు రోజులు ఆలోచించేవాడు." పలకను పెట్టెలో దాని చోట పెట్టాడు. "ఈసారి ఆలోచించే పని లేకుండా పోయింది."

పనంతా అయ్యాక, కొత్త గమెలాన్‌ను తొలిసారి వాయించడానికి శుక్రవారం ముందు సాయంత్రం జేగంట ముందు పూలు పెట్టి, అగరు ధూపం వేసి, ఎర్ర జావ తెల్ల జావ గిన్నెల్లో పెట్టారు. ఊరంతా చాపల మీద సర్దుకుంది. పాటకు జోగ్జా నుంచి పిల్లనెవర్నైనా పిలుద్దామా అని సుగిమన్ గుసగుసలాడాడు. కసిరిన్ అతని వంక చూడనైనా లేదు. తుమీరా వచ్చి, బీరువా వాసన ఇంకా పోని పాత కెబాయ రవిక సర్దుకుని, ఒకప్పుడు తను కూర్చున్న చోటే కూర్చుంది.

గమెలాన్ మెల్లగా మొదలైంది. ఆమె గొంతు ముందు బొంగురుపోయింది, ఎక్కడో చీలింది, తర్వాత దారి పట్టింది. మెట్లన్నీ ఉన్నచోటే ఉన్నాయి. దూలాల కింద పడి కరిగిపోయిన ఉదాన్ ఆసిహ్ ఆ మండపంలోకి మళ్ళీ వచ్చి కూర్చుంది. మూడో పలక వచ్చినప్పుడు మాత్రం అది కొంచెం సన్నగా, తొందరగా, పైకి పలికింది. వాయిస్తున్న కసిరిన్ దాన్ని గట్టిగా కొట్టలేదు, తప్పించుకోనూ లేదు. మొదటిసారి తుమీరా గొంతు తడబడింది.

రెండోసారి ఆమె గొంతు దానికోసం కొంచెం పైకి లేచి, పక్కన నిలబడి, అది ఆరిపోయేదాకా ఉండి, ఆ తర్వాతే కిందికి దిగింది.